వదిన చేతిగుడ్డ

బొద్దింకకి వేళాపాళా తెలియదు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు రాదు. నలుగురూ కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకునే వేళకే పిలవని చుట్టంలా దిగుతుంది. ఆ మధ్యాహ్నమూ అంతే అయింది. కిటికీ పక్క టేబుల్ దగ్గర భార్యాభర్తలూ వాళ్ళ పాపా కూర్చున్నారు. తండ్రి రొట్టె తుంచుతున్నాడు. తల్లి పాప మెడకి గుడ్డ కడుతోంది. పూలకూజా వెనకనుంచి అది బయల్దేరి, ఉప్పుసీసా పక్కన ఆగి, మీసాలు ఆడించింది.

వదిన చూసింది. చూసి తొందరపడలేదు. తొందరపడే మనిషైతే ఆ హోటల్లో ఆమె మాటే ఎత్తేవారు కాదు.

"నీళ్ళు పొయ్యమంటారా అండీ?" అని నవ్వుతూ వంగింది. కుడిచేత్తో గ్లాసు జరిపింది. ఎడమ మోచేతి మీది చేతిగుడ్డ దానంతటదే జారినట్టు జారి, ఉప్పుసీసా పక్కన వాలింది. చెట్టునుంచి పువ్వు రాలితే ఎంత చప్పుడవుతుందో అంతే అయింది. రెండు వేళ్ళతో అంచులు దగ్గరికి తీసి, పసిబిడ్డకి దుప్పటి చుట్టినట్టు చుట్టి, గుడ్డని మళ్ళీ మోచేతి మీదికి తెచ్చుకుంది. గ్లాసు నిండా నీళ్ళు పోసింది. అప్పుడు తిరిగింది.

నడక కూడా ఒక పద్ధతిలో ఉండాలి. వేగంగా నడిస్తే అనుమానం, నెమ్మదిగా నడిస్తే అది గుడ్డలోంచి పాకి చేతికెక్కుతుంది. వదిన మూడో రకంగా నడిచేది. తెర తొలగించుకుని వెనక నడవాలోకి వెళ్ళి, గోడవార ఉన్న కొయ్యపెట్టె మూత ఎత్తి, గుడ్డని అలాగే లోపల పడేసి మూత దించింది. వాడిన గుడ్డలన్నీ అందులోకే. చాకలి వచ్చి మూటగట్టుకుపోయేదాకా అందులోనే ఉంటాయి.

నలపకూడదు. నలిపితే మరక పడుతుంది. పరిగెత్తకూడదు, కెవ్వుమనకూడదు, చీపురు పట్టుకోకూడదు. గుడ్డ వెయ్యి, నవ్వు, మడిచి తీసుకుపో. ఇది హోటలు యజమాని పెట్టిన పద్ధతి. ఆయన నోట్లోంచి రోజూ ఎక్కువగా వచ్చే మాట ‘నెమ్మది’ కాబట్టి పనివాళ్ళంతా చాటుగా ఆయన్ని నెమ్మదయ్య అనేవారు. పైన బసగదులు, కింద భోజనాల హాలు, వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని గిన్నెలు తోమే గది. ఆ తోముడుగదిలో పనిచేసేది వదిన ఆడపడుచు. రోజంతా ఆ పిల్ల గిన్నెల కిటికీలోంచి "వదినా, పళ్ళేలు", "వదినా, గ్లాసులు" అని అరిచి అరిచి, హోటలు మొత్తానికీ ఆమెని వదినని చేసి కూర్చోబెట్టింది. వంటమాస్టరుకి వదినే, చాకలికి వదినే. నెమ్మదయ్యకైతే వదినమ్మ.

తెర తీసుకుని హాల్లోకి అడుగు పెట్టేసరికి పాప గొంతు వినబడింది.

"అమ్మా, ఆవిడ పురుగుని గుడ్డలో పెట్టుకుని తీసుకెళ్ళింది."

"ఏ పురుగే?"

"మీసాల పురుగు. ఇక్కడే ఉంది. నా పక్కనే."

పెద్దవాళ్ళ కళ్ళు ఎత్తునుంటాయి. గుడ్డ పైభాగమే కనిపిస్తుంది వాళ్ళకి. ఆ పిల్ల గడ్డం సరిగ్గా టేబులంత ఎత్తులో ఉంది. గుడ్డ వాలేముందు కింద ఏముందో దానికే కనబడింది. తండ్రి తుంచిన రొట్టె మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

నెమ్మదయ్య గల్లాపెట్టె దగ్గరనుంచి వచ్చాడు. ముఖం మీద నవ్వు చెదరలేదు. "పాప పొరబడి ఉంటుందండీ. నెమ్మదిగా భోంచెయ్యండి."

"మా పిల్ల అబద్ధం చెప్పదండీ," అంది తల్లి. గొంతు పెంచలేదు. "ఆవిణ్ణే అడగండి."

నెమ్మదయ్య వదిన వైపు తిరిగాడు. పాప కూడా తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పిల్లలు గారడీవాణ్ణి చూస్తారే, అలా చూస్తోంది, ఇంకోసారి చేస్తుందేమోనని.

"ఉందండి," అంది వదిన, వినబడీ వినబడనట్టు.

నెమ్మదయ్య నవ్వు ఒక్క క్షణం ఆగింది. అంతలోనే దారి దొరికింది. "లోపల తోముడుగది వాళ్ళతో చచ్చిపోతున్నానండీ. ఎంత చెప్పినా శుభ్రం ఉండదు. ఇప్పుడే మీ ముందు అడుగుతాను." అని గిన్నెల కిటికీ దగ్గరికి వెళ్ళి వేలితో పిలిచాడు.

ఆడపడుచు వచ్చింది. మోచేతుల దాకా సబ్బునురగ. చేతులు తుడుచుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు ఆయన. మెరిసే నేల మీద చుక్కలు పడుతుంటే, నేల పాడవుతుందని చేతులు తన ఏప్రానుకి చుట్టుకుంది. హాల్లో చెంచాలన్నీ ఆగిపోయాయి.

"నీ గదిలోంచి పురుగులు వస్తున్నాయి. వీళ్ళ భోజనం పాడుచేశావు. క్షమించమని అడుగు."

ఆడపడుచు గదమాయించిన ఆయన్ని చూడలేదు, కూర్చున్నవాళ్ళనీ చూడలేదు. వదిన వైపు చూసింది. వదిన చేతిలో నీళ్ళ కూజా ఉంది. మోచేతి మీద కొత్త గుడ్డ ఉంది. నోట్లోంచి మటుకు మాట బయటికి రాలేదు.

"క్షమించండి," అంది ఆడపడుచు.

తల్లికి సిగ్గేసింది. "ఈ అమ్మాయినెందుకు పిలిచారు మధ్యలో," అని లేచి, పాప మెడ గుడ్డ విప్పింది. వాళ్ళు తినకుండానే వెళ్ళిపోయారు. గుమ్మం దాటుతూ పాప ఇంకోసారి వెనక్కి తిరిగి చూసింది.

వాళ్ళు వెళ్ళాక నెమ్మదయ్య తన మామూలు గొంతుతో, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా, "ఈ వారం చూసుకో అమ్మాయ్, ఆ తర్వాత రావద్దు," అన్నాడు.

*

హోటల్‌నుంచి ఇంటికి వాళ్ళ నడకకి ఒక అలవాటుంది. ఇద్దరి టిఫిన్ డబ్బాలూ ఒకే సంచీలో. సంచీకి రెండు పట్టీలు. ఒకటి వదిన పట్టుకునేది, రెండోది ఆడపడుచు. మధ్యలో సంచీ ఊగుతుంటే, ఆ రోజు హాల్లో ఎవరు ఎలా తిన్నారో వదిన చెప్పేది, ఎంగిలి పళ్ళేన్ని బట్టి మనిషి ఎలాంటివాడో ఆడపడుచు చెప్పేది. ఒక్క మెతుకు మిగలకుండా తిని పళ్ళెం పక్కకి జరిపినవాడు ఇంట్లో పెళ్ళాం చెప్పిన మాట వింటాడట. రొట్టె కొరికి వదిలేసినవాడికి పిల్లనివ్వకూడదట.

ఆ రోజు ఆడపడుచు సంచీలోంచి తన డబ్బా తీసుకుంది. తీసుకుని, రోడ్డు దాటి, అవతలి పక్కన నడిచింది. తిట్టలేదు, శోకాలు పెట్టలేదు. చెప్పుల దుకాణం ముందు ఆగి ఏదో చూస్తున్నట్టు నటించి, వదిన ముందుకి వెళ్ళాకే కదిలింది.

ఇంట్లో వదిన మొగుడు కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరిదో చొక్కాకి బొత్తాలు వేస్తున్నాడు. అందరూ దర్జీ అనే పిలుస్తారు. పెళ్ళాం కూడా కోపమొస్తే అలాగే పిలుస్తుంది. చెల్లెలు అవతల తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవడం చూశాడు. పెళ్ళాం చెప్పినదంతా విన్నాడు. దారం పళ్ళతో తెంపాడు.

"మరి నువ్వేమన్నావ్?"

"ఏమంటాను. చేతి మీద గుడ్డ ఉంది."

"నోట్లో లేదుగా," అన్నాడు. మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

వదినకి ఆ మాట అన్నంలో రాయిలా తగిలింది. "నేనేదన్నా అని ఉంటే నా పనీ పోయేది. అప్పుడు ఇద్దరం ఇంట్లో కూర్చుని నీ బొత్తాలు లెక్కబెట్టేవాళ్ళం," అంది. అన్నాక, ఆ మాట తనకే నచ్చలేదు. ఆ హోటల్లో ముందు చేరింది ఆడపడుచే. "మా వదిన చేతులు చూడండి సార్, గాజుబొమ్మని కూడా చెక్కుచెదరకుండా మోస్తుంది," అని నెమ్మదయ్యకి చెప్పి హాల్లో పెట్టించిందీ ఆ పిల్లే. తను మటుకు ఆ తోముడుగదిలోనే ఉండిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే బొద్దింకల మందు కొట్టేవాడు వచ్చాడు. వీపు మీద పంపు, చేతిలో టార్చి, నోటినిండా మాటలు.

"నన్ను చూస్తే బొద్దింకలు లేచి నిలబడి దణ్ణం పెడతాయమ్మా," అన్నాడు వదినతో.

"అలాగైతే మా హాల్లోకి కూడా ఓసారి రండి. అక్కడివి ఎవరికీ మర్యాద ఇవ్వడం లేదు."

"హాల్లో వద్దు," అన్నాడు నెమ్మదయ్య వెనకనుంచి. "అతిథులు వచ్చే వేళయింది. తోముడుగది ఒక్కటి చూసుకోండి చాలు. రోగం అక్కడే ఉంది."

మందతను తోముడుగదిలో మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. తొట్టి కింద, గొట్టాల వెనక, నేల సందుల్లో. ఆడపడుచు గుమ్మంలో నిలబడింది, ఇల్లు సోదా చేస్తుంటే ఇల్లాలు నిలబడినట్టు. గదిలో తడి లేదు. పీచులు దారానికి గుచ్చి ఎండకి వేలాడుతున్నాయి. వెళ్ళేముందు తూములో మరిగే నీళ్ళు పొయ్యడం, తొట్టి తిరగేసి తుడవడం, నేల పొడిగుడ్డతో ఒత్తడం ఆ పిల్లకి రోజూ ఉన్న పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు కూడా.

"ఏమీ కనబడ్డంలేదు," అన్నాడు మందతను, కాస్త చిన్నబుచ్చుకుని. "జిగురు అట్టలు పెట్టి వెళతా. అడుగు వేసిందంటే అంటుకుపోతుంది. ఏ అట్టకి అంటుకుంటే అక్కడ మందు కొడదాం."

అట్టలు గది చుట్టూ సర్దాడు. ఒకటి మిగిలింది. సంచీలో పెట్టుకుంటే సంచీకి అంటుకుంటుందని వదిన చేతికిచ్చాడు. "ఎక్కడైనా పడెయ్యమ్మా."

జిగురు పైకి ఉన్న అట్టని ఎక్కడ పడేస్తుంది ఎవరైనా. ఎవరి కాలికన్నా అంటుకుంటే గొడవ. వదిన దాన్ని నడవాలో గుడ్డల పెట్టెకీ గోడకీ మధ్య ఉన్న సందులోకి జార్చి, ఆ సంగతి మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా గిన్నెల కిటికీలోంచి "వదినా" అన్న పిలుపు రాలేదు. పళ్ళేలు కడిగినవి కిటికీలో వచ్చి కూర్చున్నాయి, చెయ్యి మాత్రమే కనబడింది. వంటమాస్టరు గరిటె తిప్పుతూ, "ఏంటి వదినా, ఇవాళ రేడియో పాడైందా?" అన్నాడు.

*

మూడోనాడు పొద్దున తోముడుగది అట్టల్లో ఒక దోమ, కాసిని చీమలు ఉన్నాయి. అంతే. ఆడపడుచు ఆ అట్టల్ని పళ్ళెంలో పెట్టి నెమ్మదయ్య ముందుకి తెచ్చింది, ఆర్డరిచ్చిన భోజనం తెచ్చినట్టు.

"చూడండి సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "తెలివైనవి అమ్మాయ్. అట్ట పెట్టారని కనిపెట్టి ఉంటాయి."

"మరి తెలివైనవైతే గిన్నెలు తోముకునేదాని గదిలో ఎందుకుంటాయి సార్," అంది ఆడపడుచు. వంటమాస్టరు నవ్వబోయి దగ్గాడు. నెమ్మదయ్య వేరే వైపు చూశాడు. వారం మాట వెనక్కి తీసుకోలేదు. ఒకసారి నలుగురిలో అన్నమాట వెనక్కి తీసుకుంటే తన మాటకి విలువేముంటుందని ఆయన లెక్క.

వదిన చాకలికి గుడ్డలు ఇవ్వాలని నడవాలోకి వచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసేసరికి వెనకనుంచి ఎండుటాకులు కదిలినట్టు చిన్న చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది అట్ట. సందులో వేలు పెట్టి అంచు పట్టి లాగింది.

అట్టలో ఖాళీ లేదు. పెద్దవి, పిల్లలు, పిల్లల పిల్లలు, ఒకదాని మీద ఒకటి. కాళ్ళు అంటుకుపోయి మీసాలు మాత్రం ఆడుతున్నాయి.

వదిన అట్టని నేలమీద పెట్టింది. పెట్టె మూత ఎత్తింది. గుడ్డలు ఒక్కొక్కటే తీసింది. సూపు మరకలు, కూర మరకలు, రొట్టె పొడి. వంటింటి వేడినీళ్ళ గొట్టం ఆ గోడలోంచే పోతుంది. కొయ్య వెచ్చగా ఉంది. అడుగున పలకల సందుల్లో గోధుమరంగు గింజల్లా గుడ్లతిత్తులు వరసగా అంటుకుని ఉన్నాయి. వెలుగు పడగానే కొన్ని గబగబా మూలలకి పరిగెత్తాయి.

చీకటి, వెచ్చదనం, తిండి. వీటికి ఇంకేం కావాలి. రాలేనివాటిని తనే గుడ్డలో చుట్టి, ఒంటికి దెబ్బ తగలకుండా మోసుకొచ్చి, మూత తీసి మరీ లోపల దింపింది. అల్లుళ్ళకి కూడా జరగదు ఇంత మర్యాద. పొట్ట నిండాక అవి తెర కిందనుంచి మళ్ళీ హాల్లోకి వెళ్ళేవి. తను మళ్ళీ నవ్వుతూ వంగి మళ్ళీ తెచ్చేది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల తూములో మరిగే నీళ్ళు పోస్తూ ఉంది, తను ఇక్కడ పెంచుతూ ఉంది.

వెనక తలుపు తెరిచే ఉంది. తలుపవతల చెత్తడబ్బా. అట్టని రెండుగా మడిచి అందులో పడేస్తే సరి. పెట్టెని ఎండలో వేసి కిరసనాయిలు తుడిస్తే సరి. ఎవరికీ తెలియదు. హాల్లో తన పని పనిగానే ఉంటుంది, పేరు పేరుగానే ఉంటుంది. వదిన అట్ట అంచు పట్టుకుని తలుపు దాకా నడిచింది.

అక్కడనుంచి తోముడుగది కనబడుతుంది. ఆడపడుచు పెద్ద అండా అడుగు తోముతోంది. ఆ అండా ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఇవాళ దాన్ని రాకి రాకి తెల్లగా చేస్తోంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేముందు తర్వాత వచ్చేవాళ్ళు ఒక మాట అనకుండా కడిగిపెట్టి పోయే మనుషులుంటారు. అలా తోముతోంది.

వదిన అట్టని వెనక్కి తెచ్చి పెట్టె మీదే పెట్టింది. పైన ఏమీ కప్పలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని హాల్లోకి వెళ్ళింది.

*

మధ్యాహ్నం హాలు నిండింది. మూల టేబుల్ దగ్గర రోజూ వచ్చే తాతగారు కూర్చున్నారు. ఒంటరి మనిషి. సూపు చల్లారేదాకా పేపరు చదివి, పేపరు చల్లారాక సూపు తాగుతానని ఆయనే అంటుంటారు. వదిన ఆయనకి అన్నం వడ్డించి తిరగబోతుంటే, గోడ మీదనుంచి ఒకటి దిగి టేబుల్ అంచు పట్టుకుంది. నీళ్ళ కూజా దాకా వచ్చింది. పెట్టె కదిలించింది కదా, కొన్ని ఇల్లు వదిలి బయటపడ్డాయి.

గల్లాపెట్టె దగ్గర నెమ్మదయ్య కూడా చూశాడు. నవ్వు చెదరకుండానే రెండు వేళ్ళు జారుస్తున్నట్టు సైగ చేశాడు. గుడ్డ.

గుడ్డ మోచేతి మీదే ఉంది. చెయ్యి కూడా అలవాటుగా సగం లేచింది. గిన్నెల కిటికీలోంచి ఒక చెయ్యి కడిగిన పళ్ళేలు పెట్టి వెనక్కి పోవడం వదిన కంటపడింది.

లేచిన చెయ్యి గుడ్డ దాటి పోయి, టేబుల్ మీది ఖాళీ గాజుగ్లాసు అందుకుంది. బొద్దింక మీద బోర్లించింది. టక్‌మని చప్పుడైంది. గ్లాసులో అది గుండ్రంగా తిరగడం అందరికీ కనబడింది.

"తాతగారూ, బొద్దింకండీ," అంది వదిన, కూర వడ్డించమంటారా అని అడిగే గొంతుతోనే. "మీ పళ్ళెం తీసేస్తాను. ఆ పక్క టేబుల్‌కి రండి, మొదటినుంచీ వడ్డిస్తాను."

తాతగారు కళ్ళజోడు పెట్టుకుని గ్లాసులోకి వంగి చూశారు. "ఇవాళ గుడ్డ వెయ్యలేదేమమ్మా?"

వదిన చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "మీకు తెలుసా అండీ?"

"తెలియకేం. ఎన్నిసార్లు చూశానో. అంత అందంగా వేస్తావు కదా, చూశానంటే నువ్వు నొచ్చుకుంటావేమోనని పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి."

పక్క టేబుల్ ఆవిడ చెంచా దించింది. "నేనూ చూశానమ్మా. చెబితే నీ పని పోతుందేమోనని ఊరుకున్నా." ఇంకో టేబుల్ దగ్గర ఎవరో తలూపారు. ఇంతమంది తన కోసం చూడనట్టు నటిస్తూ తింటున్నారని వదినకి అప్పుడు తెలిసింది. వాళ్ళనుంచి తను దాచగలిగిందేమీ లేదు. గుమ్మం దగ్గర టేబుల్‌వాళ్ళు మాత్రం ఒకరినొకరు చూసుకుని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. అదీ న్యాయమే.

నెమ్మదయ్య వచ్చాడు. "నెమ్మది వదినమ్మా, లోపలికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఆ పిల్లని ఇక్కడే నిలబెట్టారు కదండీ. ఇది కూడా ఇక్కడే చెబుతాను. అవి తోముడుగదిలోవి కావు. నడవాలో నా గుడ్డల పెట్టెలోవి. గుడ్డలో చుట్టి నేనే మోశాను. పెట్టె మీద అట్ట ఉంది, చూసుకోండి."

ఆయన వెళ్ళి చూశాడు. వెళ్ళినంత నెమ్మదిగా రాలేదు.

గిన్నెల కిటికీలో చెయ్యి కాక, ఈసారి ముఖం కనబడింది. ఆడపడుచు ముఖం. అలా చూస్తూ చూస్తూ, కడిగిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది.

*

రెండు రోజులు హాలు మూశారు. కొయ్యపెట్టెని పెరట్లోకి లాగి విరగ్గొట్టారు. మందతను హాలుకీ నడవాకీ తెరలకీ మందు కొట్టి, ఈసారి ఒక్క జోకూ వెయ్యకుండా పనిచేశాడు. వాడిన గుడ్డలకి మూతపడే రేకుడబ్బా వచ్చింది, ఏ రోజువి ఆ రోజే ఉడకబెట్టాలన్నారు.

తెరిచిన రోజు పొద్దున నెమ్మదయ్య తోముడుగది గుమ్మం దాకా వచ్చి, గోడమీది పీచుల్ని చూస్తూ, "నువ్వు రావచ్చు అమ్మాయ్," అన్నాడు. క్షమించమనలేదు. ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు. తర్వాత వదిన వైపు తిరిగాడు. "నువ్వు కొన్నాళ్ళు హాల్లోకి వద్దు. నిన్ను చూస్తే అందరికీ అదే గుర్తొస్తుంది. లోపల చెయ్యి."

వదిన మోచేతి మీది గుడ్డ తీసి, మడతపెట్టి ఆయన చేతికిచ్చింది. గోడకున్న రెండో ఏప్రాను తగిలించుకుంది. తొట్టి దగ్గర ఇద్దరికీ చోటు చాలదు. ఆడపడుచు కాస్త జరిగింది.

నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. వదిన ఒక మూకుడు తీసుకుని పీచుతో తిప్పింది, కడిగింది, వెలుగులో పెట్టి చూసింది. ఆడపడుచు ఆ మూకుడు లాక్కుని వేలితో అడుగు రాసి, జిడ్డున్న వేలు వదిన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేంటి వదినా, నిమురుతున్నావా? అది పసిపిల్ల వీపు కాదు. గిన్నె. గట్టిగా తోము."

"నాకు చేతకాదు మరి. నేర్పు అమ్మడూ."

"మీ హాలువాళ్ళ చేతులింతే. పైపైన." అని పీచు చేతిలో పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి, గుండ్రంగా, బలంగా తిప్పింది. "ఇలా. మోచెయ్యి కాదు, భుజం. ఆ. ఇంకా."

సాయంత్రం బయటికి వచ్చేసరికి వదిన వేళ్ళు నాని ముడతలు పడి, తనవి కానట్టున్నాయి. సంచీలో తన డబ్బా పెట్టుకుంది. ఆడపడుచు చెప్పులు తొడుక్కుని, తన డబ్బా కూడా అందులో పడేసింది. అవతలి పక్కకి రోడ్డు దాటలేదు. కాసేపు వదిన చేతుల వైపు చూసింది.

"ఆ చేతుల్తో ఏం పట్టుకుంటావులే," అని ఒక పట్టీ తీసుకుంది. రెండోది ఎవరూ పట్టుకోకపోతే సంచీ నేలకి రాసుకుంటుంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఊఁ. పట్టుకో మరి," అంది.